రెండో సీటు

ఉదయం ఆరున్నరయ్యేసరికి చోడవరంలో ఆ వీధి పొడుగునా చెరకు బళ్ళు బారులు తీరి నిలబడ్డాయి. చక్కెర ఫ్యాక్టరీలో చెరకు క్రషింగ్ మొదలై పదిరోజులైంది. గాలిలో మడ్డి వాసన. అచ్చియ్యమ్మ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. చేతులు కాయల మీదున్నా కళ్ళు మాత్రం గేటు దగ్గరే ఉన్నాయి.

గేటు దగ్గర ఆవిడ కోడలు ప్రత్యూష, ఎదురింటి కనకమహాలక్ష్మితో గొంతు తగ్గించి మాట్లాడుతోంది. కనకమహాలక్ష్మి కొంగు చాటునుంచి నోట్ల కట్ట తీసి ఇచ్చింది. ప్రత్యూష లెక్కపెట్టుకుని, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, అత్తగారి వైపు తిరిగి వెళ్ళొస్తానని చెప్పి, విశాఖపట్నం బస్సు కోసం గబగబా నడిచింది.

ఇలా డబ్బు చేతులు మారడం అచ్చియ్యమ్మ చూడ్డం ఇది నాలుగోసారి. మొన్న రేషన్ షాపు దాసు ఇచ్చాడు. అంతకుముందు టైలరు బంగార్రాజు పెళ్ళాం ఇచ్చింది. ఎందుకిస్తున్నారని అడిగితే కోడలు నవ్వి, వాళ్ళకి కావలసిన టీవీలూ ఫ్రిజ్‌లూ తను విశాఖపట్నంలో క్రెడిట్ కార్డు మీద కొంటోందనీ, ఆ డబ్బు తనకిస్తున్నారనీ చెప్పింది. తమ చేతిలో డబ్బుండగా వాళ్ళే వెళ్ళి కొనుక్కోకుండా మధ్యలో ఈవిడెందుకు? అచ్చియ్యమ్మకి ఆ సంగతి అంతుపట్టలేదు. అంతుపట్టనిదేదీ ఆవిడకి మంచిగా కనిపించదు.

ప్రత్యూష విశాఖపట్నంలో రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీలో పనిచేస్తుంది. కొనేవాళ్ళతో మాట్లాడ్డానికి కంపెనీ తరఫున ఏడాదికి ఒకటి రెండుసార్లు పైదేశాలు వెళ్తుంది. ఆగస్టులో సింగపూరు, మలేషియా వెళ్ళొచ్చింది. ఎంత డబ్బు పట్టుకెళ్ళావని అచ్చియ్యమ్మ అడిగినప్పుడు, చేతిలో యాభై డాలర్లే ఉన్నాయనీ, మిగతాదంతా కార్డు మీద నడిపాననీ చెప్పింది. ఎయిర్‌పోర్టులో డబ్బు మార్చుకుంటే సగం వాళ్ళే తినేస్తారట. కార్డు పెట్టి మిషన్లోంచి నోట్లు తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ పడుతుందట. అదే కొట్లో కార్డు ఇచ్చి, బిల్లు రాగానే పూర్తిగా కట్టేస్తే వడ్డీ ఉండదట.

అప్పుడు అచ్చియ్యమ్మ తలాడించింది గానీ, రాత్రి పక్క మీద దొర్లుతూ ఆలోచించింది. పరాయి దేశంలో, చేతిలో డబ్బు లేకుండా, ఒక ఆడది పది రోజులు హోటళ్ళలో ఉండి వచ్చింది. ప్లాస్టిక్ ముక్క చూపిస్తే ఎవరైనా అన్నం పెడతారా? ఆ బిల్లు ఎవరు కట్టి ఉంటారు?

పైగా ఆ ఫోన్లు. ఆదివారం పూట ఎక్కడినుంచో ఫోనొస్తుంది. ప్రత్యూష ఫోను తీసి వైరు సాగినంత దూరం గదిలోకి లాక్కుని మాట్లాడుతుంది. పోయిన ఆదివారం అచ్చియ్యమ్మ మంచినీళ్ళ నెపంతో గుమ్మం దగ్గరకెళ్తే రెండు ముక్కలు చెవిన పడ్డాయి. "ఇంకా కొన్ని పాయింట్లు తక్కువున్నాయి, బాలుగారూ. అత్తయ్యకి మాత్రం ఇప్పుడే తెలియకూడదు."

బాలుగారెవరో ఆవిడ కొడుకుని అడగలేదు. మహేష్ ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టు. సీజన్లో పగలూ రాత్రీ తెలియకుండా షిఫ్టులు చేస్తాడు. ఆ అలసిన మొహం చూసి, రుజువు లేకుండా వాడి చెవిలో విషం పోయకూడదనుకుంది. రుజువు దొరికాక చూద్దామనుకుంది.

ఆ రోజు పదకొండింటికి పోస్ట్‌మ్యాను పొడుగాటి తెల్ల కవరొకటి ఇచ్చి వెళ్ళాడు. కవరు మీద బ్యాంకు గుర్తుంది. ఇలాంటివి ప్రతినెలా వస్తాయి. ప్రతిసారీ కోడలు రాగానే విప్పి, చదివి, మడిచి బీరువాలో పెట్టేస్తుంది. అచ్చియ్యమ్మ తెలుగు చదవగలదు, రాయగలదు. ఇంగ్లీషు రాదు. కవరు చేతిలో పట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత తలుపు గొళ్ళెం పెట్టి, రెండు వీధులవతల ఉన్న పరదేశి ఇంటికి నడిచింది.

పరదేశి కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఇంగ్లీషు కాగితం కనిపిస్తే ఆయనకి ప్రాణం లేచి వస్తుంది. కవరు జాగ్రత్తగా విప్పి, కళ్ళజోడు సవరించుకుని, వరస పట్టి చదివాడు. జగదాంబ జంక్షన్లో టీవీ షాపు. ఫ్రిజ్‌ల షాపు. మధ్యలో ఒక చోట ఆగి, మళ్ళీ చదివి, అచ్చియ్యమ్మ మొహంలోకి చూశాడు.

"మీ గుంటడు కౌలాలంపూరు వెల్తన్నాడా వదినా?"

సీజన్లో మహేష్‌కి ఒక్క రోజు సెలవు దొరకదని అచ్చియ్యమ్మ చెప్పింది.

"మరైతే ఈ రెండో సీటెవులిది? ట్రావెల్సోడికి రెండు సీట్ల తాలూకు టాక్సు కట్టింది. జనవరి నెల్లో ప్రయాణం. పేర్లు లేవు." పరదేశి కాగితం మడిచాడు. కవర్లో ఇంకో చిన్న పచ్చ కాగితం కూడా ఉంది. అది ఏదో బ్యాంకు ప్రకటన అని చెప్పి చదవకుండానే లోపల పెట్టేశాడు.

అచ్చియ్యమ్మ ఇంటికి వచ్చింది. కవరు పట్టుకెళ్ళి తన ట్రంకుపెట్టెలో, చీరల అడుగున దాచింది. ఇప్పుడే బయటపెడితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటుంది. ఇంకొన్నాళ్ళు చూడాలి.

ఆ చూడ్డంతో ఆవిడకి తిండి సహించడం మానేసింది. కోడలు కొత్త చెప్పులు కొనుక్కుంటే జనవరి కోసమేననుకుంది. కోడలు నవ్వుతూ కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగితే, ఈ నవ్వుకి వెనకాల ఏముందోననుకుంది. ప్రత్యూష రెండుసార్లు అడిగింది, బ్యాంకు కవరేమైనా వచ్చిందా అని. రెండుసార్లూ అచ్చియ్యమ్మ రాలేదనే చెప్పింది. చెబుతూ కోడలి మొహం గమనించింది. ఆ మొహంలో కంగారు కనిపించింది. దొంగతనం లేకపోతే కంగారెందుకు?

ఇరవై రోజులు గడిచాయి. డిసెంబరు మూడోవారంలో ఒక శనివారం ప్రత్యూష మామూలుగా ఏడింటికి రావలసింది, నాలుగింటికే వచ్చేసింది. చెప్పులు విడిచి, బ్యాగు భుజానికుండగానే హాల్లో కుర్చీలో కూలబడింది. మహేష్ అప్పుడే నిద్రలేచి టీ తాగుతున్నాడు. బ్యాగులోంచి ఒక ఉత్తరం తీసి అతనికిచ్చింది. ఇద్దరూ ఏదో మెల్లగా అనుకున్నారు. "మొత్తం పోయినట్టే," అంది ప్రత్యూష.

వంటింటి గుమ్మంలోంచి అచ్చియ్యమ్మ విన్నది. కోడలి గుట్టు ఎక్కడో రట్టయిందనీ, ఇక ఆగకూడదనీ అనిపించింది. ట్రంకుపెట్టె తెరిచి, కవరు తెచ్చి, కొడుకు ముందున్న బల్ల మీద పడేసింది.

"నీ పెళ్ళాన్నడుగు. జనవరి నెల్లో కౌలాలంపూరు ఎవుల్తో వెల్తందో అడుగు. రెండో సీటెవులిదో, ఆ బాలుగాడెవడో సెప్పమను. కూటికి లేకపోయినా మనం పరువుగా బతికేం బాబూ. ఇన్నాల్లూ నోరు మూసుకున్నాను."

మహేష్ తల్లి వంక తెల్లబోయి చూశాడు. ప్రత్యూష అతని వైపు గానీ, అత్తగారి వైపు గానీ చూడలేదు. బల్ల మీది కవరునే చూసింది. చెయ్యి చాపి తీసుకుంది. లోపలున్న పచ్చ కాగితం బయటికి లాగి చదివి, మళ్ళీ చదివింది.

"ఇది మీ దగ్గరుందా అత్తయ్యా?" అంది చివరికి.

ప్రత్యూష ఆ కాగితం భర్త చేతికిచ్చింది. ఈ నెల నుంచి బిల్లు కట్టాల్సిన ఆఖరి తేదీ ఇదివరకటికంటే వారం ముందే వచ్చేలా మార్చామని అందులో ఉంది. అది తెలియక ఆమె తన దగ్గరున్న రసీదుల లెక్కతో, ఎప్పటి తేదీకే చెక్కు పంపింది. ఆమె బ్యాగులోంచి తీసిన ఉత్తరం ప్రకారం బ్యాంకువాళ్ళు ఆలస్యానికి జరిమానా వేశారు, మొత్తం మీద వడ్డీ వేశారు. అన్నిటికంటే మించి, ఏడాదిన్నరగా కూడబెట్టిన పాయింట్లన్నీ రద్దు చేశారు.

"రెండో సీటు నీదేనమ్మా," అన్నాడు మహేష్.

అచ్చియ్యమ్మకి ఆ మాట వినపడింది గానీ లోపలికి దిగలేదు. మహేష్ ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, ఒకటొకటిగా చెప్పాడు.

అచ్చియ్యమ్మకి దేముడమ్మ అని ఒక అక్క ఉంది. పెళ్ళి చేసుకుని, మొగుడి వెంట మద్రాసులో ఓడెక్కి మలయా కొబ్బరి తోటల్లో పనికి వెళ్ళిపోయింది. అప్పటికి అచ్చియ్యమ్మకి పదేళ్ళు. కొన్నాళ్ళు ఉత్తరాలొచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. మహేష్ కాలేజీలో ఉన్నప్పుడు పాత అడ్రసుకి ఉత్తరం రాస్తే, ఈ పేరుగల వారెవరూ లేరని తిరిగొచ్చింది. ఆ రోజు అచ్చియ్యమ్మ మంచం ఎక్కి వారం రోజులు లేవలేదు. అందరూ అక్క చచ్చిపోయిందనే అనుకున్నారు.

ఆగస్టులో కౌలాలంపూరులో ప్రత్యూషకి రొయ్యలు కొనే కంపెనీ గుమాస్తా ఒకతను పరిచయమయ్యాడు. అతనే బాలు. బగాన్ దాతో అనే ఊళ్ళో కొబ్బరి తోటల్లో పుట్టి పెరిగిన తెలుగువాడు. యాభై ఏళ్ళు దాటినవాడు, నలుగురు పిల్లల తండ్రి. చోడవరం అనగానే మా ఊళ్ళో ఒక ముసలమ్మ ఈ పేరే చెబుతుందని అన్నాడు. అప్పట్నుంచీ ప్రతి ఆదివారం అతను కనుక్కున్నది ఫోనులో చెబుతున్నాడు. ముసలమ్మ తండ్రి పేరు సరిపోయింది. ఊరి పేరు సరిపోయింది. రెండు వారాల కిందటే ఫోటో కూడా వచ్చింది. ఖాయమయ్యే దాకా నీకు చెప్పొద్దనుకున్నాం, మళ్ళీ ఆశపెట్టి మంచం పట్టించడం ఇష్టం లేక, అన్నాడు మహేష్.

ప్రత్యూష టిక్కెట్టు ఎలాగూ కంపెనీ కొంటుంది. రెండో టిక్కెట్టు కార్డు పాయింట్ల మీద తీసుకోవచ్చు; రెండు సీట్లూ పక్కపక్కనే ఉండేందుకు టాక్సు మాత్రం ముందే తన కార్డు మీద కట్టింది. కార్డు మీద ఎంత కొంటే బ్యాంకు అన్ని పాయింట్లు బహుమతిగా ఇస్తుంది. అందుకే వీధిలో వాళ్ళ కొనుగోళ్ళన్నీ తన కార్డు మీద చేయించి, వాళ్ళిచ్చిన డబ్బు బ్యాంకులో వేసి, నెలనెలా ఒక్క పైసా వడ్డీ పడకుండా కట్టుకుంటూ వచ్చింది. మస్కట్‌లో ఉన్న అచ్చియ్యమ్మ కూతురు రూపాదేవి పురిటికని తీయించి, వాడకుండా ఉండిపోయిన పాస్‌పోర్టు ఆవిడకి ఉండనే ఉంది.

మహేష్ ఫోటో తల్లి చేతిలో పెట్టాడు. తెల్ల జుట్టు, ఒక కన్ను మూసుకుపోయిన ముసలామె రేకు ఇంటి ముందు కూర్చుని ఉంది. షుగరు వల్ల ఒక కన్ను పోయిందనీ, రెండోది కూడా ఎన్నాళ్ళో ఉండదన్నారనీ, ఆ కన్ను ఉండగానే చెల్లెల్ని చూడాలని ఉందని బాలుతో రాయించిందనీ చెప్పాడు. అందుకే జనవరిలోనే అనుకున్నారు.

అచ్చియ్యమ్మ ఫోటో వంక చూస్తూ ఉండిపోయింది. ఆ మొహంలో ఆవిడకి ఏమీ గుర్తు రాలేదు. గుర్తు రాకపోవడమే ఎక్కువ ఏడుపు తెప్పించింది.

ప్రత్యూష లేచి గది వైపు నడిచి, గుమ్మంలో ఆగింది. "నా మీద అనుమానముంటే నన్నే అడగొచ్చు కదా అత్తయ్యా. నేనెక్కడికీ పోలేదు కదా, ఇంట్లోనే ఉన్నాను." లోపలికి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే అచ్చియ్యమ్మకి తేలికగా ఉండేది.

డబ్బు అప్పు తెచ్చి టిక్కెట్టు కొందామని మహేష్ అన్నాడు. అచ్చియ్యమ్మ వద్దంది. తన చేత్తో పాడుచేసిన దాన్ని కొడుకు అప్పుతో బాగుచేయించుకునేంత మొహం తనకి లేదంది.

సోమవారం ఉదయం ప్రత్యూష బస్‌స్టాండుకి బయలుదేరుతుంటే అచ్చియ్యమ్మ ఉతికిన చీర కట్టుకుని, కవరు చేత్తో పట్టుకుని వెనకాలే వచ్చింది. ఎక్కడికని కోడలు అడిగితే మీ బ్యాంకుకని చెప్పింది. బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. అనకాపల్లి దాటాక అచ్చియ్యమ్మ ఒక్కటే అడిగింది, ఆఫీసరు ఆడమనిషా మగమనిషా అని.

మగమనిషే. ద్వారకానగర్లో మేడ మీద చిన్న ఆఫీసు, ఏసీ, మెడకి టై. అరడజను మంది కుర్చీల్లో ఎదురుచూస్తున్నారు. ప్రత్యూష ఇంగ్లీషులో మొదలుపెట్టబోతే అచ్చియ్యమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"బాబూ, దీని తప్పేటీ లేదు. మీరంపిన కవరు నేను దాచీసేను. కోడలి మీద అనుమానపడి దాచేను. మా పెట్టెలో ఇరవై రోజులుంది. అది అడిగితే రాలేదని అబద్ధమాడేను. జరిమానా వేస్తే నాకెయ్యండి."

కుర్చీల్లో ఉన్నవాళ్ళు తలలెత్తి చూశారు. అచ్చియ్యమ్మ చెవులు వేడెక్కాయి గానీ తల దించుకోలేదు. ఆఫీసరు పెన్ను పక్కన పెట్టాడు. ఇలాంటివి తన చేతిలో ఉండవనీ, మద్రాసు ఆఫీసు వాళ్ళే నిర్ణయించాలనీ, ఆమె చెప్పిందంతా కాగితం మీద రాసిస్తే పంపుతాననీ అన్నాడు. అచ్చియ్యమ్మ తెలుగులో రాసింది. నెమ్మదిగా, అక్షరం అక్షరం, పేజీన్నర. కింద పూర్తి పేరు రాసి సంతకం చేసింది. ప్రత్యూష పక్కన నిలబడి అదంతా చదివింది. చదివాక కిటికీ వైపు తిరిగి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

జవాబు జనవరి మధ్యలో వచ్చింది. పోస్ట్‌మ్యాను కవరిచ్చేసరికి అచ్చియ్యమ్మ దాన్ని బల్ల మీద, రాగానే కనిపించేటట్టు పెట్టి, సాయంత్రం దాకా దాని పక్కనే కూర్చుంది. జరిమానా, వడ్డీ ఉంటాయి. పాత పాయింట్లు తిరిగి ఇస్తున్నారు. ఆలస్యమైన నెల తాలూకువి మాత్రం ఇవ్వరు. అంటే టిక్కెట్టుకి మూడువందల పాయింట్లు తక్కువ.

మర్నాడు అచ్చియ్యమ్మ తనే వీధిలోకి బయలుదేరింది. మొన్నటిదాకా గేటు దగ్గర ఎవరైనా డబ్బివ్వడం చూసి అనుమానపడిన మనిషి, ఇంటింటికీ వెళ్ళి విశాఖపట్నంలో ఏమైనా కొనేదుంటే మా కోడలి చేత కొనిపించుకోండని అడిగింది. ఎందుకని అడిగిన వాళ్ళకి జరిగిందంతా చెప్పింది, కవరు దాచిన సంగతితో సహా. వీధి చివరి తాతబ్బాయి కూతురి పెళ్ళికి బీరువా కొనాల్సి ఉంది. దాసుకి మిక్సీ కావాలి. పరదేశి తనకి అక్కర్లేకపోయినా ఒక టేబులు ఫ్యాను చెప్పాడు. ఆయన మొహంలో కొంచెం సిగ్గు కనిపించింది.

తక్కువైన పాయింట్లు కూడాక, ప్రత్యూష కంపెనీ ప్రయాణం కూడా అప్పటికి మార్పించుకోగా, మార్చి మొదటివారంలో అత్తాకోడళ్ళు మద్రాసులో విమానమెక్కారు. కౌలాలంపూరులో దిగాక అచ్చియ్యమ్మ కోడలి చెయ్యి వదల్లేదు. ఎయిర్‌పోర్టు డబ్బు మార్చే కౌంటరు దగ్గర ప్రత్యూష చిల్లర ఖర్చులకి కావలసినంతే మార్చుకుంది. ఒక బట్టల కొట్టువాడు కార్డిస్తే నూటికి మూడు ఎక్కువ తీసుకుంటానంటే, అక్కడ కార్డు లోపల పెట్టేసి నోట్లిచ్చింది. రెండో రోజుకి చేతిలో నోట్లు అయిపోవచ్చాయి. గోడలో మిషను కనిపించగానే అచ్చియ్యమ్మ కోడల్ని పక్కకి లాగింది. "అందులో తియ్యకమ్మా, ఈ పూటనుంచే వడ్డీ." ప్రత్యూష నవ్వింది. ఆ కవరు బయటపడిన రోజు తర్వాత ఆమె అలా నోరారా నవ్వడం అచ్చియ్యమ్మ చూడ్డం అదే మొదటిసారి.

బాలు తన కారులో వాళ్ళని బగాన్ దాతో తీసుకెళ్ళాడు. దారికి రెండు వైపులా కొబ్బరి తోటలే. రేకు ఇంటి ముందు కుర్చీలో దేముడమ్మ కూర్చుని ఉంది. రెండో కంటికి కూడా పొగ కమ్మేసింది. వెలుతురూ నీడా తప్ప ఏమీ ఆనడం లేదని ఇంటివాళ్ళు మెల్లగా చెప్పారు. అంత చెడింది ఈ రెండు నెలల్లోనే.

జనవరిలో వచ్చి ఉంటే అక్క తన మొహం చూసేది. అచ్చియ్యమ్మ అక్క కాళ్ళ దగ్గర కూలబడి, చెయ్యి పట్టుకుని, "అప్పా, నేను అచ్చియ్యని," అంది.

దేముడమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. "అచ్చియ్యంటే పదేల్ల గుంట. నువ్వెవులివి? నన్ను ఊరుకోబెట్టడానికి ఎవుల్నో తెచ్చినట్టున్నారు." ఆ గొంతులో బెరుకు, అపనమ్మకం. అయినా అడిగింది. "నేను ఓడెక్కడానికి బయల్దేరిన నాడు ఇంట్లో ఏటి పోయింది? సెప్పు సూద్దాం."

అచ్చియ్యమ్మ ఇంకా దగ్గరికి జరిగింది.

"నీ ఎండి పట్టీలు. నేనే గడ్డిమేటులో దాచీసేను. అవి లేకపోతే నువ్వెల్లవనుకున్నాను. నువ్వే పారేసుకున్నావని అమ్మ నిన్ను కొట్టింది. నేను పక్కనే నిలబడి నోరిప్పలేదు."

దేముడమ్మ రెండు చేతులూ ముందుకు చాచి గాలిలో వెతికింది. దొరికిన మొహాన్ని నుదురు నుంచి గడ్డం దాకా తడిమింది. "దొంగ గుంటా," అంటూ ఆ తలని గుండెకి పొదువుకుంది. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు.

మెట్ల దగ్గర ఎవరో కదిలిన చప్పుడుకి దేముడమ్మ అటు తల తిప్పింది. "ఆ నిల్సున్నదెవులే?"

"నా కోడలప్పా. దీని వస్తువు కూడా ఒకటి దాచేను. దానివల్లే నీ సూపుండగా రాలేకపోయేను." అచ్చియ్యమ్మ కళ్ళు తుడుచుకుంది. "అయినా ఇదే నన్ను నీ దగ్గరికి తీసుకొచ్చింది."

దేముడమ్మ చెయ్యి చాపింది. ప్రత్యూష వచ్చి అత్తగారి పక్కనే నేల మీద కూర్చుని, తన మొహం ఆ చేతికి అందించింది.